లోడు లేని లెక్క

మోటరు కాలిందని రైతు ఫోను చేస్తే, వచ్చిన మనిషి మీటరు తీసి స్టార్టరు టెర్మినళ్లకు ఆనిస్తాడు. "నాలుగొందల పదహైదు నిండుగా వస్తాంది గదన్నా, నీ మోటరే నాసిరకం" అంటాడు. ఆదోని, ఎమ్మిగనూరు చుట్టూ ఉన్న కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, నందవరం, గోనెగండ్ల మండలాల్లో బోరు కింద పైరు పెట్టిన రైతులకు ఇది కొత్త మాట కాదు. మీటరు చూపిన అంకె నిజమే. ఆ అంకెతో రైతుకు చెప్పిన మాట మాత్రం అబద్ధం. కొలిచే వేళకు మోటరు కాలిపోయి ఉంది, పక్క చేలల్లో మోటర్లు ఆగి ఉన్నాయి, తీగలో కరెంటు పారడం లేదు. ఏ లోడూ లేనప్పుడు ఎంత దిక్కుమాలిన లైనైనా 415 వోల్టులు చూపిస్తుంది. కిలోమీటరు పొడవునా సాగి, నాలుగు చోట్ల తెగి, ముడులు వేసిన పాత అల్యూమినియం తీగ కూడా చూపిస్తుంది.

లోడు లేకుండా కొలిచిన వోల్టేజీని రుజువుగా చూపి రైతును దోషిని చేయడం మోసం. ఆ మాట అన్న చిన్న ఉద్యోగి మీద నాకు కోపం లేదు. వర్షంలో స్తంభమెక్కేది అతనే, షాకు కొట్టి పడేదీ అతనే. నా కోపం ఈ కొలతనే కొలతగా చలామణీ చేస్తున్న వ్యవస్థ మీద. అందులో విద్యుత్ శాఖ ఒక్కటే లేదు, మన భౌతికశాస్త్ర పాఠం కూడా ఉంది.

పాఠంతోనే మొదలుపెడతాను, ఎందుకంటే మోసానికి పునాది అక్కడ పడింది. వోల్టేజీ డివైడర్ గురించి మన పిల్లలకు ఏం నేర్పుతున్నాం? 12 వోల్టుల బ్యాటరీకి 1000 ఓంల నిరోధాలు రెండు శ్రేణిలో కలిపితే మొత్తం 2000 ఓంలు. కరెంటు 6 మిల్లీ ఆంపియర్లు. మధ్య బిందువు దగ్గర 6 వోల్టులు. సూత్రం రాశారు, అంకెలు వేశారు, మార్కులు పడ్డాయి, పేజీ తిప్పారు. ఆ 6 వోల్టులతో ఏదైనా పని చేయించుకోబోతే ఏమవుతుందన్నది పరీక్షకు రాదు కాబట్టి పాఠంలోనూ ఉండదు. వోల్టేజీ ఉన్నదే పని చేయించుకోవడానికి. పని పెట్టని వోల్టేజీకి సూత్రం నేర్పి, పని పెట్టాక ఏమవుతుందో చెప్పకపోవడం చదువెలా అవుతుంది?

పని పెట్టి చూడండి. కింది నిరోధానికి సమాంతరంగా 1000 ఓంల లోడు తగిలించండి. ఇప్పుడు కింది భాగంలో రెండు వెయ్యిలు సమాంతరంగా కలిసి 500 ఓంలయ్యాయి. మొత్తం 1500. బ్యాటరీ నుంచి వచ్చే కరెంటు 6 నుంచి 8 మిల్లీ ఆంపియర్లకు పెరిగింది. మధ్య బిందువు 6 వోల్టుల నుంచి 4కు జారింది. అదే చోట 100 ఓంల లోడు పెట్టండి. బ్యాటరీ మీద కరెంటు 11 మిల్లీ ఆంపియర్లు. లోడుకు దక్కేది ఒక్క వోల్టు. మిగతా 11 వోల్టులూ పై నిరోధం మింగేసింది. లోడు నిరోధం తగ్గేకొద్దీ సరఫరా నుంచి లాగే కరెంటు పెరుగుతుంది, ఆ పెరిగిన కరెంటంతా పై నిరోధం గుండానే రావాలి, అక్కడ వోల్టులు ఖర్చవుతాయి, లోడుకు మిగిలేది తగ్గిపోతుంది. లోడును సున్నా ఓంల దాకా దించితే కరెంటు 12 మిల్లీ ఆంపియర్లు, వోల్టేజీ సున్నా. అంతకు మించి కరెంటు ఇవ్వమని బ్యాటరీని ఎంత ప్రాధేయపడినా పై నిరోధం ఒప్పుకోదు.

ఫ్రాన్సులో తంతి శాఖ ఇంజనీరు లియాన్ తెవెనిన్ 1883లో దీన్నే ఇంకా చిన్నగా చెప్పాడు. ఎంత పెద్ద సర్క్యూటైనా సరే, దాని రెండు కొసల నుంచి చూస్తే ఒక వోల్టేజీ, దాని వెనక ఒక నిరోధం, అంతే. పైన మన డివైడర్‌ను ఆయన చూస్తే 6 వోల్టులు, వెనక 500 ఓంలు అంటాడు. తంతి తీగల బాగోగులు చూసే ఉద్యోగికి 140 ఏళ్ల కిందట అర్థమైన సంగతి ఇది. లోడు లేకుండా కొలిస్తే మొదటి అంకె ఒక్కటే తెలుస్తుంది. రెండో అంకె తెలియాలంటే లోడు పెట్టి ఇంకోసారి కొలవాలి. మన లైన్ల మీద ఆ రెండో కొలత ఎవరూ తీయరు. తీస్తే జవాబు చెప్పాల్సింది రైతు కాదు.

ఇప్పుడు చేను గట్టుకు పోదాం. పై నిరోధం స్థానంలో ట్రాన్స్‌ఫార్మర్ నుంచి బోరు దాకా వచ్చే తీగ. కింది నిరోధం స్థానంలో మోటర్లు. ఏసీ కాబట్టి తీగకు ఇండక్టెన్సు కూడా ఉంటుంది కానీ, నిరోధం ఒక్కటి లెక్క వేసినా నిజం బయటపడుతుంది. సన్నపాటి అల్యూమినియం తీగ కిలోమీటరుకు ఒక ఓం అనుకుందాం. అయిదు హెచ్‌పీ మోటరు నిండు లోడు మీద ఫేజుకు సుమారు 8 ఆంపియర్లు తీసుకుంటుంది. రెండు ఫేజుల మధ్య 415 ఉంటే ఒక్కో ఫేజు వోల్టేజీ 240 కనుక, ఒక్కో మోటరు లైను కంటికి 30 ఓంల నిరోధంలా కనిపిస్తుంది.

లైను కొసన ఒక్క మోటరే ఆడితే దానికి 232 వోల్టులు అందుతాయి. ఫర్వాలేదు. అయిదు మోటర్లు ఆడితే 30 ఓంలు కాస్తా 6 ఓంలవుతుంది. ఒక్కో మోటరుకు 206 వోల్టులు. పది ఆడితే 3 ఓంలు, 180 వోల్టులు. అంటే స్టార్టరు డబ్బా మీద 415 దగ్గర నిలవాల్సిన సూది 312 దగ్గర వణుకుతుంటుంది. ఆ వణుకు చూడని రైతు మా వైపు లేడు. డబ్బా తలుపు తెరిచి, సూదిని చూసి, "డిమ్ముగా వస్తాంది" అనుకుని, పక్క చేనాయన మోటరు ఆపేదాకా గట్టు మీద కూర్చున్నవాళ్లెందరో.

తుంగభద్ర దిగువ కాలువ చివరి భూములవాళ్లకు ఇది ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. హోసపేట దగ్గర డ్యాములో బయల్దేరిన నీళ్లు బళ్లారి పొలాలు దాటి మన జిల్లాలోకి వచ్చేసరికి ఎంత మిగులుతుందో వాళ్లు ఏటా కళ్లారా చూస్తున్నారు. అయితే కాలువలో నీళ్లు తక్కువొస్తే పంట ఎండుతుంది గానీ కాలువ తూము కాలిపోదు. కరెంటు విషయంలో ఆ దయ కూడా లేదు.

నేను పైన వేసిన లెక్కలో మోటరును మామూలు నిరోధంగా భావించాను. అసలు మోటరు అంత సాత్వికమైనది కాదు. బల్బుకు వోల్టేజీ తగ్గితే కరెంటు తగ్గుతుంది, మసకగా వెలిగి ఊరుకుంటుంది. మోటరు అలా ఊరుకోదు. పైపులో నిలువునా ఉన్న నీటి బరువు తగ్గలేదు, ఆ బరువును ఎత్తక తప్పదు. వోల్టులు తగ్గితే ఆంపియర్లు పెంచుకుని ఆ పని చేయబోతుంది. ఆంపియర్లు పెరిగితే తీగలో నష్టం పెరిగి వోల్టులు ఇంకా పడతాయి. పడినకొద్దీ ఇంకా లాగుతుంది. వైండింగులో పుట్టే వేడి కరెంటు వర్గంతో పెరుగుతుంది. ఒకటిన్నర రెట్లు కరెంటు లాగితే వేడి రెండుంపావు రెట్లు. సబ్‌మెర్సిబుల్ మోటరయితే ఆ వేడి వందల అడుగుల లోతున, మన ముక్కుకు వాసన కూడా తగలకుండా, తీగ మీద తొడుగును కరిగించేస్తుంది. పైకి లాగడానికి కూలీలు, పైపులు విప్పడానికి ఒక రోజు, వైండింగుకు వేల రూపాయలు. ఈలోగా మిరప చేను తలవాలుస్తుంది.

"ఆటో స్టార్టర్లు పీకెయ్యండి, ట్రాన్స్‌ఫార్మర్లు పేలేది వాటివల్లే" అని ఊరూరా చెబుతారు. ఇందులో సగం నిజం ఉంది కాబట్టే మిగతా సగం గురించి గట్టిగా మాట్లాడాలి. ఆగి ఉన్న మోటరు తిరగడం మొదలుపెట్టే క్షణంలో మామూలుకు ఆరింతల దాకా కరెంటు లాగుతుంది. అంటే ఆ క్షణానికి దాని నిరోధం 30 ఓంలు కాదు, 5 ఓంలు. కరెంటు రాగానే ఆటో స్టార్టర్లు అయిదు మోటర్లను ఒక్కసారిగా లేపితే ఒక్క ఓం. తీగా ఒక ఓమే. ఉన్న 240 వోల్టుల్లో సగం తీగకు పోయి, మోటర్లకు 120 మిగులుతుంది. మోటరు తిప్పే బలం వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి సగం వోల్టేజీకి పావు బలమే. ఆ బలంతో పంపు కదలదు. కదలని మోటరు ఆ 5 ఓంల స్థితి నుంచి బయటికే రాలేదు. మూలుగుతూ, వేడెక్కుతూ, ఫ్యూజు పోతే బతుకుతుంది, పోకపోతే కాలుతుంది. పది మోటర్లు ఒకేసారి లేస్తే 80 వోల్టులు, బలం తొమ్మిదో వంతు.

ఇదంతా నిజమే. మరి రైతు ఆటో స్టార్టరు ఎందుకు పెట్టుకున్నాడు? కరెంటు ఎప్పుడొస్తుందో తెలియని ఏళ్లలో, అర్ధరాత్రి చీకట్లో, తడి గట్ల మీద, పాముల మధ్య నడిచి స్టార్టరు నొక్కడానికి పోయి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లను చూసి పెట్టుకున్నాడు. మనిషి చావకుండా ఉండటానికి చేసుకున్న ఏర్పాటును నేరంగా చెప్పేవాళ్లు, ఆ గట్టు మీదికి ఒక్క రాత్రి నడిచి రండి. మోటర్లు ఒకదాని తర్వాత ఒకటి లేచేలా, ఒక్కో స్టార్టరుకు ఒక్కో ఆలస్యం పెట్టే టైమరు పెద్ద ఖర్చు కాదు. పీకెయ్యమనడం తేలిక, టైమరు పెట్టించడం ఒక పని. తేలికైనది ఎంచుకున్నారు.

రీవైండింగు షాపులో పనిచేసే మేస్త్రీకి ఈ సంగతులు ఏ పుస్తకమూ చెప్పలేదు, అయినా తెలుసు. విప్పిన మోటరు చుట్టలను చూడగానే కారణం చెబుతాడు. ఒకటి రెండు ఫేజుల చుట్టలే నల్లబడి మిగతావి రాగి రంగులో మెరుస్తుంటే ఫేజు పోయి కాలింది. మూడు ఫేజుల చుట్టలూ సమానంగా, చుట్టూ ఒకే తీరుగా మాడిపోయి, వార్నిష్ పొరలు పొరలుగా రాలుతుంటే అది వోల్టేజీ చాలక, మోయలేని బరువు మోసి, నిదానంగా ఉడికి చచ్చిన మోటరు. షాపు మూల కుప్పగా పడేసిన ఆ నల్ల తీగల్లో లైను కథ మొత్తం రాసి ఉంది. మోటరు కాలడానికి కారణమేమిటని ఆ మేస్త్రీని ఎన్నడైనా ఎవరైనా అధికారికంగా అడిగారా? ఏ ట్రాన్స్‌ఫార్మర్ కింద నుంచి ఎన్ని మోటర్లు ఏ తీరున కాలి వచ్చాయో అతని దగ్గర రాసుకుంటే, ఏ లైను ముందు మార్చాలో తెలియడానికి వేరే సర్వే అక్కర్లేదు.

కరెంటు మీద ఉమ్మడి రాష్ట్రంలో రక్తం చిందింది. 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో తుపాకులు పేలింది చార్జీల పెంపు మీద. 2004 మే 14న వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసి సంతకం పెట్టింది ఉచిత విద్యుత్ మీద. ఆ తర్వాత జరిగిన రచ్చంతా ఏడు గంటలా, తొమ్మిది గంటలా, పగలా, రాత్రా అన్న దాని మీద. ధర గురించి కొట్లాడాం, గంటల గురించి కొట్లాడాం. వోల్టుల గురించి మాత్రం అంత గట్టిగా ఎన్నడూ కొట్లాడలేదు. 312 వోల్టులతో తొమ్మిది గంటలు ఇవ్వడం అంటే మోటరును తొమ్మిది గంటలు కాల్చడమే.

ఉచిత విద్యుత్తుకు పెట్టిన షరతులు గుర్తున్నాయా? కెపాసిటరు పెట్టాలి, ఐఎస్ఐ మోటరు ఉండాలి, ఘర్షణ తక్కువ ఫుట్ వాల్వు ఉండాలి, నున్నటి పీవీసీ పైపులు ఉండాలి. చెడ్డ షరతులేం కాదు, కెపాసిటరు తీగలో వృథా కరెంటును నిజంగానే తగ్గిస్తుంది. నాలుగూ మంచివే. కానీ నాలుగూ కింది నిరోధం మీదే! నాలుగూ రైతు తన జేబులోంచి చేయాల్సినవే. పై నిరోధం మీద, అంటే తీగ మీద, ఒక్క షరతూ లేదు. డివైడర్‌లో ఒక సగానికే నియమాలు రాసి, రెండో సగాన్ని వదిలేసి, ఫలితం చెడితే నియమాలున్న సగాన్నే తప్పు పట్టారు.

ఆ షరతుల్లో లేకపోయినా, వోల్టేజీకి నియమమే లేదని ఎవరూ తప్పించుకోలేరు. 2010 దాకా అమల్లో ఉన్న 1956 నాటి ఇండియన్ ఎలక్ట్రిసిటీ రూల్స్‌లో 54వ నిబంధన, తక్కువ, మధ్యస్థ వోల్టేజీ సరఫరాల్లో ప్రకటించిన వోల్టేజీకి 6 శాతానికి మించి తేడా రాకూడదని అంది. 415కు 6 శాతం అంటే కిందికి 390. అది ట్రాన్స్‌ఫార్మర్ కింద నిలబడి కొలిచే అంకె కాదు, వినియోగదారుకు చేరే చోట ఉండాల్సిన అంకె. చేరడం అంటే పని చేస్తుండగా చేరడం. మోటరు ఆపి చూపించే 415 ఆ నిబంధనను ఏనాడూ నెరవేర్చలేదు.

"అనుమతి లేని మోటర్లు తగిలించుకుంటే లైను ఏం చేస్తుంది?" అని ఎదురు ప్రశ్న వేస్తారు. తగిలించుకున్నవాళ్లు ఉన్నారు, దాచను. దాని ఫలితం ముందు అనుభవించేది అనుమతి ఉన్న పక్క రైతే. కానీ ఒక ట్రాన్స్‌ఫార్మర్ మీద ఎంత లోడు పడుతుందో తెలియాలంటే దొంగల్ని పట్టక్కర్లేదు, పీక్ గంటలో క్లాంప్ మీటరు ఒక్కసారి తీగకు తగిలిస్తే చాలు. కొలిస్తే తెలుస్తుంది, తెలిస్తే కొత్త ట్రాన్స్‌ఫార్మర్ ఇవ్వాలి. అందుకే కొలవరు.

ఇంకొకరు, "ఊరికే ఇస్తున్న కరెంటుకు నాణ్యత కూడానా?" అంటారు. ఈ మాట అన్నవాళ్లు ఒక లెక్క వేసుకోవాలి. ఒక ఓం తీగలో 40 ఆంపియర్లు పారితే మూడు ఫేజుల్లో కలిపి 4,800 వాట్లు తీగ వేడెక్కడానికే ఖర్చు. అయిదు హెచ్‌పీ మోటరు చేసే మొత్తం పని 3,730 వాట్లు. అయిదు మోటర్లు ఆడుతున్న లైను మీద, కనిపించని ఆరో మోటరు ఒకటి నీళ్లు తోడకుండా గాలిని వేడి చేస్తోంది. ఆ బిల్లు ప్రభుత్వ సబ్సిడీ పద్దులో రైతు పేరు మీద పడుతోంది. సన్న తీగ తాగిన కరెంటును కూడా రైతే తాగాడని రాసుకుంటున్నారు.

మందు తెలియక కాదు. 11 కేవీ లైనును బోర్ల దాకా తీసుకుపోయి, మూడు నాలుగు మోటర్లకు ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెట్టే హెచ్‌వీడీఎస్ పద్ధతి మన రాష్ట్రంలో ఎన్నో చోట్ల వేసి చూసిందే. 415 బదులు 11,000 వోల్టుల మీద అదే శక్తిని పంపితే కరెంటు 26వ వంతుకు పడిపోతుంది, అదే తీగలో నష్టం దాదాపు 700వ వంతుకు. పై నిరోధాన్ని లేకుండా చేయడమంటే ఇదే. కాంట్రాక్టరుకు బిల్లు వచ్చే చోటి నుంచి కాకుండా, సూది వణికే చోటి నుంచి ఆ పని మొదలు కావాలి.

మళ్లీ బడి దగ్గరికి వస్తాను, అది వదిలేసే విషయం కాదు. ఎమ్మిగనూరులో ఇంటర్ చదివే అమ్మాయి వాళ్ల నాన్న మోటరు ఏడాదిలో రెండుసార్లు కాలితే, ఆ కారణం ఆమె పుస్తకంలోనే, విద్యుత్ ప్రవాహం పాఠంలో, బ్యాటరీ అంతర్నిరోధం దగ్గర ఉంది. లోడు కరెంటు పెరిగితే కొసల దగ్గర వోల్టేజీ తగ్గుతుందన్న సమీకరణాన్ని ఆమె వందసార్లు రాసి ఉంటుంది. ఆ సమీకరణంలోని అంతర్నిరోధమే తమ చేనికి వచ్చే తీగ అని ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే, "నిండుగా వస్తాంది గదన్నా" అన్న మనిషిని "మోటర్లన్నీ ఆన్ చేసి ఇంకోసారి కొలవన్నా" అని ఆమె అడిగి ఉండేది. అయిదు రూపాయల నిరోధాలు, ఒక బ్యాటరీ, ఒక మల్టీమీటరు ఉంటే పావుగంటలో అయ్యే ప్రయోగం ఇది. లక్ష ఓంల నిరోధాలు రెండు తీసుకుని మధ్యలో పాతకాలం సూది మీటరు పెట్టి చూపిస్తే ఇంకా మంచిది. 12 వోల్టుల్లో సగం 6 రావాలి. మీటరు నిరోధం 20 వేల ఓంలయితే అది చూపేది 1.7 మాత్రమే, ఎందుకంటే కొలిచే మీటరే లోడయింది. ఈ ఒక్క ప్రయోగం చూసిన పిల్ల జన్మలో లోడు సంగతి అడగకుండా ఏ వోల్టేజీనీ నమ్మదు.

నేను అడిగేది పెద్ద పథకం కాదు. ఆదోని, ఎమ్మిగనూరు సబ్‌స్టేషన్ల కింద ఉన్న ప్రతి వ్యవసాయ ట్రాన్స్‌ఫార్మర్‌కు చివరి స్తంభం ఉంటుంది. దాని మీద రంగుతో రెండు అంకెలు రాయండి. మోటర్లన్నీ ఆగినప్పుడు ఎన్ని వోల్టులు, అన్నీ ఆడుతున్నప్పుడు ఎన్ని వోల్టులు. పక్కన కొలిచిన తేదీ. కొలత లైన్‌మన్ తీయాలి, ముగ్గురు రైతులు ఎదురుగా ఉండాలి. ఐటీఐ, పాలిటెక్నిక్ పిల్లల్ని తోడు తెచ్చుకోండి, వాళ్లకు చదువూ అవుతుంది. యూనిట్లు లెక్కపెట్టడానికి స్మార్ట్ మీటర్లు తెస్తామన్నారు కదా, వోల్టులు రాసుకోవడం కూడా వాటికి వచ్చు. ఆ అంకెను రైతు ఫోనుకు పంపండి.

రెండో అంకె 390కి తగ్గిన ప్రతి స్తంభం దగ్గరా మోటరు కాలితే, ఆ వైండింగు ఖర్చు రైతుది కాదని రాతపూర్వకంగా ఒప్పుకోండి. ఒప్పుకోలేమంటే తీగ మార్చండి, లేదా 11 కేవీని దగ్గరికి తెండి. రబీ మోటర్లు ఆడే నెలల్లోనే, మధ్యాహ్నం పూట, అన్నీ ఆన్‌లో ఉండగా కొలవండి. ఖరీఫ్ వానల్లో మోటర్లు ఆగినప్పుడు వచ్చి కొలిచి తెచ్చే కాగితం మాకు వద్దు.